డూహో అత్త వంతు

బురాఓ పశువుల సంతలో డూహో అనే పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది మనిషి కాదు, సామెత. మనిషి ఆ తర్వాత. సామెతల్లో ఉండేవాళ్లు ఎప్పుడో చచ్చిపోయి ఉంటారనే కదా అందరం అనుకుంటాం. ఈవిడ మాత్రం సంత గేటు పక్కన తుమ్మచెట్టు నీడలో, ఒంటె పాల డబ్బాలు ముందు పెట్టుకుని నిక్షేపంగా కూర్చుని ఉండేది. బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు ఆగి, ఆ డూహో ఈవిడేనా అని గుసగుసలాడుకుంటూ చూసేవాళ్లు. పాలు కావాలా, నా మొహం కావాలా అని అడిగేది వాళ్లని.

ఆ సామెత ఏమిటో నేనిక్కడ రాయను. ఎవరైనా అంటే ఆవిడకు కిట్టేది కాదు. ఆ గేటుకు ఇవతల టీ కొట్టు పెట్టుకుని, రోజూ ఆవిడ మాటలు వింటూ బతికినవాణ్ణి, నాకూ దాన్ని అనే అలవాటు తప్పిపోయింది. దాని వెనకున్న సంగతి మాత్రం చెప్తాను. సంగతి తెలిస్తే సామెత లేకపోయినా నడుస్తుంది.

డూహో చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వానలు లేని జిలాల్ నెలల్లో, ఒక లోతు బావి దగ్గర జరిగింది అది. ఆ బావుల్లోకి మగవాళ్లు ఒకరి కింద ఒకరుగా దిగి నిలబడతారు. అడుగున ఉన్నవాడు తోలు చేదలో నీళ్లు ముంచి పైవాడికందిస్తాడు, పైవాడు ఆ పైవాడికి, పాట ఆగకుండా. పైన తొట్టి దగ్గర మందలు వంతు ప్రకారం తాగుతాయి. డూహో ఒక్కతే వాళ్లమ్మ మేకల్ని తోలుకుని తెల్లారకముందే వచ్చి కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో ఒంటెలతో ఒక మనిషి దిగాడు. డూహో తన మేకల్ని పక్కకు తోలింది. ఒంటెలు కడుపునిండా తాగాయి. ఆ తర్వాత చేదలో బురద తప్ప ఏమీ రాలేదు.

ఆ సాయంత్రం, అక్కడున్నవాళ్లలో నోటి చురుకున్న పెద్దమనిషొకాయన ఆ పిల్ల పేరు పెట్టి నాలుగు ముక్కలు కలిపి ఒక మాట అన్నాడు. ముక్కకీ ముక్కకీ మొదటి అక్షరం అతికినట్టు కుదిరింది. మా భాషలో అలా కుదిరిందంటే ఇక దాన్ని చంపడం ఎవరితరమూ కాదు. మందలు ఎటు పోతే మాట అటు పోయింది. వానలు పడేసరికి హౌద్ మైదానం అంతా పాకింది. డూహోకి ఇంకా పాలపళ్లు పూర్తిగా ఊడలేదు.

చిక్కంతా దాని అర్థంతో వచ్చింది. మా ఊరి వాగుకు పడమటి గట్టున దాన్ని పెద్దమనసు ఉన్నవాళ్ల గురించి అంటారు. తూర్పు గట్టున చేతిలో ఉన్నది జారవిడుచుకున్న వెర్రివాళ్ల గురించి అంటారు. పంచాయతీల్లో కూర్చునే పెద్దలు మూడోరకంగా వాడతారు. వదిలేసిన వంతును మళ్లీ అడగకూడదు అని. ఈ మూడూ ఒకే నోట్లోంచి ఒకే రోజు విన్నాను కూడా. ఎవరికీ ఇబ్బంది అనిపించినట్టు లేదు, ఆవిడకు తప్ప.

పెళ్లి మాటలప్పుడు మొగుడివైపువాళ్లు పిల్లని చూడకముందే పేరు విని ఒప్పుకున్నారట. మొగుడు వర్ఫా నెమ్మదస్తుడు. అత్తగారు తూర్పు గట్టు మనిషి. పాల కుండను పొగబెట్టి శుభ్రం చెయ్యడం ఆలస్యమైనా, పగ్గం ముడి వదులైనా, ఏముందిలే ఆ డూహోవే కదా అని నిట్టూర్చేది. ఇరుగుపొరుగువాళ్లది ఇంకో బాధ. వాళ్లు పడమటివాళ్లు. రోలు కావాలన్నా, డేరా మోసే ఒంటె కావాలన్నా, ఉప్పు కావాలన్నా డూహో దగ్గరికే వచ్చేవాళ్లు. లేదు అంటే చాలు, నువ్వు ఆ డూహోవి కాదా అని ఆశ్చర్యపోయేవాళ్లు. పాపం ఈవిడ ఇచ్చేసేది. ఇచ్చిన తర్వాత అత్తగారు నిట్టూర్చేది.

"ఒరే పొడుగూ, నా పేరు నాకంటే ముందు ఇంట్లోకి పోయి కూర్చుంటుంది. నేను వెళ్లేసరికి నాకు చోటుండదు" అంది నాతో ఒకసారి. ఈ సంతలో అందరికీ ఏదో ఒక పిలుపుపేరు ఉంటుంది, నాది పొడుగు.

వర్ఫా పోయాక, ఒక కరువులో మంద కూడా పోయాక, ఆవిడ బురాఓ వచ్చి పాలమ్మడం మొదలుపెట్టింది. ఆ తుమ్మచెట్టు కింద చోటు అప్పట్లో ఎవరికీ అక్కర్లేని చోటు. ముళ్లు ఏరి, రాళ్లు తీసి, చాప వేసి బాగుచేసుకున్నది ఆవిడే. ఎడారి ఊళ్లలో నీడంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. పల్లెలనుంచి పాలు తెచ్చే లారీ పొద్దెక్కాక వస్తుంది. నీడలేని చోట డబ్బా పెడితే మధ్యాహ్నానికి పాలు విరిగి వాసన వచ్చేస్తాయి, కొనేవాడు ముక్కు తిప్పుకుని పోతాడు. సంతలో ప్రతి నీడకూ ఎవరో ఒకరు ఉన్నారు. ఖాళీ లేదు.

అసలు తగువు ఇక్కడినుంచి మొదలవుతుంది. డూహో కూతురు సముద్రపు ఒడ్డున బెర్బెరాలో ఉంటుంది. పురిటికి డూహో అత్త వెళ్లాలి, సంతలో అందరం ఆవిడను అత్త అనే పిలుస్తాం. అప్పటికి కొన్ని వారాల ముందు హిబాఖ్ అనే ఆవిడ తూర్పునుంచి పిల్లలతో వచ్చింది. మేకలన్నీ కరువులో పోయాయి. ఎండలో రెండు డబ్బాలు పెట్టుకుని, మధ్యాహ్నానికి విరిగిన పాలు పారబోసుకుంటూ ఉండేది. బెర్బెరా వెళ్లేరోజు డూహో అత్త ఆమెను పిలిచి, తన చాప మీద చెయ్యేసి, ఇక్కడ కూర్చోమంది. నేను చూస్తూనే ఉన్నాను. ఎన్నాళ్లు అని ఈవిడా అనలేదు, ఎన్నాళ్లు అని ఆవిడా అడగలేదు. మన మధ్య అలాంటివి ఎవరు అడుగుతారు?

పురుడు సరిగ్గానే అయింది కానీ, పసివాడికి జ్వరాలు, తర్వాత కూతురికి నీరసం. అత్త రెండు వానకాలాల తర్వాత గానీ తిరిగి రాలేదు. ఈలోగా ఆవిడ అక్కడే ఉండిపోతుందని సంతలో మాట పుట్టింది. పాల లారీవాడు హిబాఖ్ ముందే డబ్బాలు దించడం మొదలుపెట్టాడు. కొనేవాళ్లు హిబాఖ్‌కి అలవాటుపడ్డారు. డూహో అత్త మూట భుజాన వేసుకుని వచ్చి చూస్తే, తన చెట్టు కింద తన చాప మీద ఇంకో మనిషి. హిబాఖ్ లేచి నిలబడింది గానీ పక్కకు జరగలేదు. అత్త కూడా జరగమనలేదు. ఇద్దరూ అలా ఒకళ్లనొకళ్లు చూసుకుంటుంటే నాకే ఏం చెయ్యాలో తోచక ఇద్దరికీ టీ పోశాను.

చోటు దొరక్కపోతే ఆవిడకు మిగిలేది బెర్బెరా. అల్లుడి ఒంటిగది. అక్కడ సముద్రపు ఉక్కలో, మనవడి ఉయ్యాల పక్కన, ఏ పనీ లేకుండా కూర్చోవాలి. అల్లుడు మంచివాడే. ఆ మంచితనంలోనే ఊపిరాడలేదని చెప్పింది నాకు.

ఆవిడ తరఫున మాట్లాడటానికి అన్న కొడుకు రోబ్లె ముందుకొచ్చాడు. సరుకుల లారీ తోలతాడు. స్టీరింగ్ ఉన్నంతసేపే ధైర్యం, లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు వాడికి. హిబాఖ్ తరఫున ఆమె దూరపు మేనమామ కాహిన్ వచ్చాడు, పశువుల దళారి. బేరాలప్పుడు శాలువా కింద చేతులు కలిపి వేళ్లతోనే ధర చెప్పే పని ఆయనది. పొద్దంతా అలా నోరు మూసుకుని ఉంటాడు కాబట్టి, మాట్లాడే అవకాశం వస్తే ఆగడు.

పెద్దల కూటానికి ఇది చిన్న విషయం. అందుకని కూటం కూర్చునే వాగు దాకా వెళ్లకుండా నా కొట్టు ముందే చాపలు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో షిర్వా పెద్దాయన, గడ్డానికి గోరింటాకు, చేతిలో కర్ర. ఆడవాళ్లు గోనెపట్టా తెరకు అవతల. హిబాఖ్ అక్కడే, అత్త కూడా అక్కడే, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం.

మా పద్ధతిలో, రెండోవాడు మాట్లాడే ముందు మొదటివాడు చెప్పినదంతా తిరిగి చెప్పాలి. విన్నాను అనడానికి అది సాక్ష్యం. రోబ్లె తన మాట ముగించాక కాహిన్ దాన్ని తిరిగి చెప్పాడు. రోబ్లె చెప్పినదానికంటే బాగా చెప్పాడు. అత్తకు చోటెంత అవసరమో ఆయన నోట విని ముసలాళ్లకు కళ్లు చెమర్చాయి కూడా. తర్వాత నెమ్మదిగా తన వైపుకు వచ్చాడు. ఇచ్చింది ఎవరు, ఆవిడే. అడక్కుండా ఇచ్చింది ఎవరు, ఆవిడే. గడువు పెట్టనిది ఎవరు, ఆవిడే. అలా ఒక్కొక్క మెట్టూ ఎక్కి, చివర ఆ సామెతను తీసి అందరి ముందు పెట్టాడు.

వింటున్నవాళ్లంతా తలలూపారు. అది విని తలూపకుండా ఉండటం కష్టం, చిన్నప్పటినుంచీ ఊపిన తలలు. సామెతకు సామెతతోనే జవాబివ్వాలి. రోబ్లె ఆకాశం చూశాడు, నేల చూశాడు, నా టీ కెటిల్ చూశాడు. 

షిర్వా కర్ర ఎత్తాడు. కర్ర నేలకు తగిలిందంటే అయిపోయినట్టే. కానీ తగల్లేదు. ఆయన దాన్ని అలాగే పట్టుకుని, ఈ మాట నేను ఎన్నో తగువుల్లో వాడాను, దీంతోనే రెండు కుటుంబాల మధ్య ఒక బావి వంతు తెగ్గొట్టాను, ఇవాళ దీని సొంతదారు తెర అవతలే కూర్చుని ఉంది, పిలిచి అడిగితే పోయేదేముంది అన్నాడు.

ఒక ముసలాయనకు నచ్చలేదు. సామెత ఏమన్నా తప్పిపోయిన మేకపిల్లా, తల్లి దగ్గరికి తోలడానికి అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే డూహో అత్త తెర పక్కకు జరిపి వచ్చి నిలబడింది.

"అమ్మా డూహో, ఆ రోజు బావి దగ్గర నీ వంతు ఎందుకిచ్చావు? నీ నోటితో చెప్పు" అన్నాడు షిర్వా.

 అత్త తలమీది బట్ట సర్దుకుంది.

"నేను ఇవ్వలేదు, పెద్దాయనా."

"ఏది ఇవ్వలేదు?"

"ఆ వంతు. ఒంటెలాయన వచ్చి, పిల్లా పక్కకు అన్నాడు. చేతిలో కర్ర ఉంది. నేను ఆయన మోకాలంత ఉన్నాను. పక్కకు జరిగాను. అంతే."

 గేటు అవతల గొర్రెలు అరుస్తున్నాయి. ఆవిడే మళ్లీ అందుకుంది. ఇంటికి వెళ్లేసరికి అమ్మకు ఎవరో చెప్పేశారట, నీ కూతురు పరాయివాడికి వంతిచ్చిందని. అమ్మ తిట్టలేదు. తలకు నెయ్యి రాసింది. వచ్చినవాళ్లందరూ గడ్డం పట్టుకుని ముద్దు చేశారు.

"అందరూ ఇచ్చావు ఇచ్చావు అంటుంటే, ఇచ్చానేమో అనుకున్నాను. ఇప్పటికీ ఒక్కోసారి ఇచ్చినట్టే గుర్తొస్తుంది. నేనే నవ్వి, తాగించుకో బాబాయ్ అన్నట్టు. ఒక్కోసారి కర్ర ఒక్కటే గుర్తొస్తుంది. ఏది జరిగిందో నన్ను అడిగితే నేనెవర్ని అడగను?"

అక్కడినుంచి కూటం చిక్కుపడింది. చూస్తుండగానే ముడి మీద ముడి. ఇవ్వనిదానిమీద పుట్టిన మాట చెల్లదు కాబట్టి చోటు ఆవిడదే అన్నాడు ఒకాయన. అప్పుడు ఇవ్వకపోయినా ఇప్పుడు ఇచ్చింది కదా, పొడుగు చూశాడు కదా అన్నాడు ఇంకొకాయన. నన్ను అడిగారు. కూర్చోమంది, అది నిజం, కానీ కూర్చోమనడం ఇవ్వడమో కాదో నాకు తెలియదు అన్నాను. రోజుకు ఎంతమందిని కూర్చోమంటాను నేను. వాళ్లంతా కొట్టు నాదే అంటే? కాహిన్ చెయ్యి పైకెత్తి, సామెతకు జరిగినదానితో పని లేదు, అది జనం సొత్తు, ఆవిడ ఏమన్నా ఇప్పుడు లెక్కలోకి రాదు అన్నాడు. అయితే ఆవిడ పేరు అందులోంచి తీసెయ్ చూద్దాం అన్నాడు రోబ్లె. మొత్తం మధ్యాహ్నంలో వాడు అన్న మంచి మాట అదొక్కటే. అది తనే అన్నాడని నమ్మలేక చుట్టూ చూశాడు.

అప్పుడు ఒక పెద్దాయన మెల్లగా, షిర్వా ఆ మాటతో తెగ్గొట్టిన బావి తగువు సంగతేమిటి, ఆ కుటుంబానికి వంతు వెనక్కివ్వాలా అని అడిగాడు. ఆ బావి ఎప్పుడో పూడిపోయింది. అయినా అరగంట దాని మీద వాదించారు. షిర్వా కర్ర ఒళ్లో పెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్లవైపు చూస్తున్నాడు. అంతసేపు ఆయన అయోమయంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. టీలు చల్లారిపోయాయి. ఎవరిది ఎవరి కప్పో కూడా తెలియలేదు.

"పిన్నీ."

తెర అవతలనుంచి హిబాఖ్ గొంతు. 

"పిన్నీ, ఆ రోజు మేకలు నీళ్లు తాగాయా?"

ఇంతమందికి ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు ఆ ప్రశ్న. నాకు కూడా. మాటనే చూశాం, మేకల్ని చూడలేదు.

"తాగలేదే" అంది అత్త. ఇప్పుడు పెద్దల వైపు కాదు, తెర వైపు తిరిగింది. "బురద నాకాయి. ఇంటికి పోతుంటే, ఒక చెవి తెల్లగా ఉన్నది మోకాళ్ల మీద పడింది. లేపాను. మళ్లీ పడింది. మిగతావి దాన్ని వదిలి నడిచాయి. నేనూ నడిచాను."

"పేరుందా దానికి?"

"బిల్లె."

 కాసేపటికి తెర కదిలింది. హిబాఖ్ మా అందరి ముందునుంచి నడిచి, రోడ్డు దాటి, తుమ్మచెట్టు కిందికి వెళ్లింది. చాప చుట్టి చెట్టు మొదలుకు ఆనించింది. తన డబ్బాలు ఒక్కొక్కటీ ఎత్తి ఎండలో పెట్టడం మొదలుపెట్టింది.

కాహిన్ లేచి, ఏం చేస్తున్నావమ్మా, ఇంకా తేలలేదు, మనమే గెలుస్తున్నాం అని కేకేశాడు. మీరు మాట్లాడుకోండి మామా అంది ఆమె, తల ఎత్తకుండా.

డూహో అత్త కూడా అటు నడిచింది. ఏదో అంటుందని అందరం చూస్తున్నాం. ఆవిడ ముందు ఎండలో ఉన్న డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది.

"పాలు విరుగుతాయి కదే. మతి ఉందా నీకు? లోపల పెట్టు."

తనే ఒక డబ్బా ఎత్తి నీడలోకి మోసుకొచ్చింది. హిబాఖ్ కదలకపోతే రెండోది కూడా. చాప విప్పి పరిచింది. ఒక చివర కూర్చుంది. రెండో చివర అరచేత్తో తట్టింది. సరిగ్గా ఆ రోజు బెర్బెరా వెళ్తూ తట్టినట్టే. హిబాఖ్ నిలబడి చాలాసేపు ఆలోచించింది. తర్వాత కూర్చుంది.

"చూశారా, మళ్లీ ఇచ్చేసింది" అన్నాడు కాహిన్ పెద్దల వైపు తిరిగి.

"ఎక్కడ ఇచ్చింది? ముందు తీసుకుంది కదా" అన్నాడు రోబ్లె.

షిర్వా వైపు చూశారంతా. ఆయన ఆ ఇద్దరు ఆడవాళ్లనీ, చెట్టునీ, ఎండ గీతనీ చూశాడు. కర్ర నేలకు కొట్టలేదు. దానిమీద ఆనుకుని లేచి, నాకు ఇంకో టీ పొయ్యి, ఈసారి వేడిగా అన్నాడు. ఆ సామెత అర్థమయ్యేదాకా దాన్ని మళ్లీ వాడను అని కూడా అన్నాడు. అదే వారం ఒక ఒంటె తగువులో నోరు జారి వాడేసి, సగంలో ఆగి, దగ్గి, సంగతి మార్చాడని విన్నాను.

అలా తీర్పు చెప్పకుండానే కూటం లేచింది. అత్త బెర్బెరా వెళ్లలేదు. ఇప్పటికీ ఇద్దరూ ఆ చాప మీదే ఉంటారు. లారీవాడు డబ్బాలు ఎవరి ముందు దించాలో తెలియక మధ్యలో దించుతాడు. పొద్దు వాలేకొద్దీ నీడ పక్కకు పోతుంది కదా, ఎవరో ఒకరు ముందు లేచి చాప లాగాలి. ఒక్కోరోజు ఈవిడ లాగుతుంది, ఒక్కోరోజు ఆవిడ. ఒక్కోరోజు ఇద్దరూ ఒకేసారి చెరో వైపు లాగి, తిట్టుకుని, నవ్వుకుంటారు.

ఆవిడ వంతిచ్చిందా లేదా అని కొట్టులో ఇప్పటికీ వాదించుకుంటారు. పడమటివాళ్లు ఇచ్చిందనే అంటారు. తూర్పువాళ్లు తమదే నిజమైందని సంబరపడ్డారు కానీ, ఏది నిజమైందో అడిగితే చెప్పలేకపోయారు. ఇద్దరి పేర్లూ కలిపి కొత్త మాట కట్టాలని కూడా కొందరు చూశారు. కట్టలేకపోయారు. ఒక పేరు ఒక అక్షరం, ఇంకో పేరు ఇంకో అక్షరం, ముక్కలు అతకలేదు.

ఆ సంగతి అత్తకు చెప్పాను, లహోహ్ అట్టు చింపి టీలో ముంచుకుంటుంటే.

"అతక్కపోవడమే నయం" అంది. కాసేపు నమిలింది. తర్వాత చాప రెండో చివర నిద్రలో జోగుతున్న హిబాఖ్ వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒరే పొడుగూ, నువ్వు చూస్తూనే ఉన్నావుగా. నేనిచ్చానా, అది నాకిచ్చిందా?"

 తెలియదు అత్తా అన్నాను.

"నాకూ తెలియదు" అంది ఆవిడ. ఎండ గీత హిబాఖ్ పాదాల దాకా వచ్చింది. అత్త లేచి, ఆమెకు మెలకువ రాకుండా, చాపను నెమ్మదిగా మనిషితో సహా నీడలోకి లాగడం మొదలుపెట్టింది. నేను రెండో చివర పట్టుకున్నాను.